బంక పట్టి మూసుకుపోయిన శాండ్ పేపర్‌ని శుభ్రం చేసి మళ్లీ వాడుకోవచ్చా?

కేఆర్_పురం_షెడ్డు

అందరికీ నమస్తే. మాది బెంగళూరు కేఆర్ పురం, ఇంటి వెనక రేకుల షెడ్డులో నేనూ మా తమ్ముడూ ప్యాలెట్ (గోడౌన్లలో సరుకు పేర్చే చెక్క చట్రం) చెక్కతో బెంచీలు, షూ ర్యాకులు, చిన్నపిల్లల టేబుళ్లు చేసి ఆర్డర్ల మీద అమ్ముతుంటాం. చెక్కంతా వైట్‌ఫీల్డ్ వైపు గోడౌన్ల నుంచి వచ్చే పైన్ ప్యాలెట్లే, విప్పుకుని మేకులు పీక్కుని వాడతాం.

సమస్యేంటంటే శాండ్ పేపర్. బెల్ట్ శాండర్ (గరుకు పట్టీ తిరుగుతూ రుద్దే మిషన్) పైన్ మీద పెట్టిన కాసేపటికే బెల్ట్ పొడుగునా గోధుమ రంగు చారలు కట్టేస్తున్నాయి, ఆ చార మీద వేలు పెడితే గాజులా నున్నగా ఉంటుంది, చెక్క తెగదు సరికదా మాడిన వాసన వచ్చి చెక్క మీద కూడా నల్లటి గీత పడుతుంది. ఆ చార పక్కనే తడిమితే మాత్రం కొత్త బెల్ట్‌లా గరుగ్గా ఉంది! ఆర్బిటల్ శాండర్‌కి (గుండ్రటి పేపర్‌తో రుద్దే చేతి మిషన్) వేసే ఐదు అంగుళాల డిస్కులకీ ఇదే కథ, చిన్న చిన్న ఉండలు కట్టి గట్టిపడిపోతున్నాయి. 80, 120 నంబర్లు (నంబరు పెరిగేకొద్దీ గరుకు సన్నం) రెండూ అంతే. ఇలా మూసుకుపోయినవి ఒక పెయింట్ డబ్బా నిండా పోగేశాం, ముప్పావు వంతు గరుకు మిగిలి ఉన్నవి పారేయాలంటే మనసొప్పట్లేదు, ఖర్చు కూడా తక్కువేం కాదు బెల్టులకి.

ఇనప బ్రష్షుతో గీకమని ఒకరన్నారు, పెట్రోల్లో ముంచమని ఇంకొకరు, రబ్బరు దిమ్మ ఏదో దొరుకుతుందని ఇంకొకరు. ఏది నమ్మాలి? ఇంకోటి, పలమనేరు దగ్గర మా అమ్మమ్మ వాళ్ల పాతిల్లు పడగొట్టినప్పుడు తెచ్చుకున్న టేకు తలుపులు రెండున్నాయి, వాటి మీద పూత మీద పూత ఎనామిల్ పెయింటే. వాటి మీద పేపర్ పెడితే క్షణాల్లో పెయింట్ కరిగి అంటుకుపోతోంది. దానికీ ఏదైనా దారి చెప్పండి.

పీణ్య_పాత_మెషీన్_షాప్

అమ్మా, పెట్రోల్ మాట వద్దే వద్దు. శాండర్ మోటార్లో కార్బన్ బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు పుడుతూనే ఉంటాయి, పెట్రోల్ ఆవిరి ఉన్న బెల్ట్ దానికి తగిలించడం అంటే ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. పైగా పక్కన సంచుల్లో రంపప్పొట్టు ఉంటుంది మీ దగ్గర.

పీణ్యలో గ్రైండింగ్, బఫింగ్ సెక్షన్ చూసుకున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా, ముందు ఒక్క విషయం తేల్చుకోవాలి, పేపర్ మూసుకుపోయిందా అరిగిపోయిందా అని. మూసుకుపోయినదాన్ని తెరవచ్చు, అరిగినదానికి ఏం చేసినా పదును రాదు. కిటికీ వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూడు. గరుకు గింజలు విడివిడిగా తళుక్కుమంటూ వాటి సందుల్లో పొడి కూరుకుని ఉంటే అది మూసుకుపోయిందని. పొడి లేకుండానే గింజల తలలన్నీ చదునుగా మెరుస్తున్నా, గింజలు ఊడిపోయి వెనక బట్ట కనపడుతున్నా అది అయిపోయినట్టే, దాని మీద టైం పెట్టొద్దు.

నువ్వు విన్న రబ్బరు దిమ్మ నిజంగానే ఉంది, క్రేప్ రబ్బరు, లేత తేనె రంగులో ఉంటుంది, క్లీనింగ్ స్టిక్ అని అడగాలి. ఎస్పీ రోడ్‌లో పవర్ టూల్స్ అమ్మే షాపుల్లో అడిగి చూడు, లేకపోతే ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అది బంకని కరిగించదు, ఆ మెత్తటి రబ్బరు గింజల సందుల్లోకి దిగి అక్కడున్న పొడిని తనకి అంటించుకుని ఉండలుగా బయటికి లాక్కొస్తుంది. పాత క్రేప్ సోల్ చెప్పులు ఉంటే ఆ అడుగు కూడా పనికొస్తుంది, స్పాంజి చెప్పులు మాత్రం వద్దు, అవి పొడిపొడి అయి పేపర్లోకే ఎక్కుతాయి.

చేసే పద్ధతి. బెల్ట్ శాండర్‌ని తిరగేసి బెంచీకి క్లాంపులతో గట్టిగా బిగించాలి, చేత్తో పట్టుకుని చేయకూడదు. బెల్ట్ నీ వైపు నుంచి అవతలికి పోయేలా నిలబడు, దిమ్మ ఎగిరినా అవతలికి పోతుంది. దిమ్మని రెండు చేతులతో పట్టుకుని తేలిగ్గా ఆనించి, అటూ ఇటూ నెమ్మదిగా జరుపుతూ పోవాలి. అదిమితే వేడెక్కి రబ్బరే కరిగి పూస్తుంది. కళ్లద్దాలు, మాస్కు ఉండాలి, చున్నీ, గాజులు తీసేసి, వదులుగా ఉన్న చొక్కా చేతులు పైకి మడిచి దగ్గరికి వెళ్లు. ఆర్బిటల్ డిస్కుకీ ఇంతే, తిరుగుతున్న డిస్కు మీద దిమ్మ ఆనిస్తే చాలు.

అన్నిటికన్నా ముఖ్యం, పూర్తిగా మూసుకుపోయేదాకా ఆగకు. చార ఇలా మొదలవుతుండగానే ఒకసారి రబ్బరు ఆనించి మళ్లీ పనిలోకి పో. చార మీద పని చేస్తూ పోతే అక్కడ వేడి పెరిగి పొడీ బంకా ఉడికి గాజులా తయారవుతాయి, అప్పుడు రబ్బరుకి లొంగవు.

ఇనప బ్రష్షు వాడకు. స్టీల్ తీగలు గింజల్ని కూడా పెకలించేస్తాయి. ఇత్తడి తీగల బ్రష్షో, గట్టి నైలాన్ బ్రష్షో అయితే పర్లేదు. చేత్తో వాడే షీట్లకి అది కూడా అక్కర్లేదు, షీట్ వీపు వైపుని టేబుల్ అంచు మీద అటూ ఇటూ లాగి, ఒకసారి విదిలించి, పాత టూత్ బ్రష్‌తో తుడిస్తే వదులు పొడంతా రాలిపోతుంది.

మదనపల్లె_వడ్రంగం

పెద్దాయన చెప్పింది నిజమే కానీ అక్కా, రోగం పేపర్‌లో లేదు, నీ చెక్కలో ఉండాది. నేను మైసూర్ రోడ్డు టింబర్ యార్డ్ లేఅవుట్ కాడ పని చేస్తా ఉండా, టేకు, హొన్నె (వేగిస), పైన్ అన్నీ చేతిలో ఆడినవే.

ప్యాలెట్ పైన్‌లో బంక ఇంకా పచ్చిగానే ఉంటాది. ప్యాలెట్ మీద కంకి గుర్తు పక్కన హెచ్‌టి అని ముద్ర ఉంటాది చూడు, అంటే పురుగు చచ్చేదానికి చెక్క నడిమధ్య వరకు 56 డిగ్రీలు అరగంట వేడి చేసినట్టు లెక్క. ఆ వేడి పురుగుకి సరిపోతాది గానీ బంక గట్టిపడేదానికి చాలదు, దానికి 70 డిగ్రీలు దాటి బాగా పొద్దు ఉడకాల బట్టీలో. నీ శాండర్ కింద రాపిడికి చెక్క పైపొర అంతకన్నా ఎక్కువ వేడెక్కుతాది, లోపల బంక మెత్తబడి పైకి వస్తాది, పొడి దాంట్లో కలిసి పేపర్‌కి అతుక్కుంటాది. నువ్వు చెప్పిన గోధుమ చార అదే. ఎంబి అని ముద్ర ఉన్న ప్యాలెట్ మాత్రం తీసుకోవద్దు, అది మిథైల్ బ్రోమైడ్ గ్యాస్ పట్టించింది, పిల్లోళ్ల టేబుళ్లకి అసలు వద్దు.

ముడి ఉండే చోట చూసుకో, చారలన్నీ ముడి దాటినంక మొదలవుతాయి. అందుకే ముందు చిత్రిక పట్టల్ల, లేకుంటే స్క్రేపర్‌తో గీకల్ల. మా నాయన కాలంలో పగిలిన గాజు పెంకుతోనే గీకి నున్నగా తెచ్చేవాళ్లు, పేపర్ చివర్లో ఊరికే చెయ్యి తిప్పినట్టు. ముడి మీద పాలిష్‌కి కలిపే స్పిరిట్ తడిపిన గుడ్డతో గట్టిగా తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు పేపర్ కొట్టు. తడి చెక్క ఉంటే ఇంకా ఘోరం, ఇప్పుడు వానల్లో గోడౌన్ బయట పడేసిన ప్యాలెట్లు తెచ్చి అదే రోజు రుద్దితే పొడి కాదు ముద్ద వస్తాది. నీడన పేర్చి గాలి తగలనీ.

ఇంకా బెల్ట్ మీద బరువు పెట్టొద్దు, మిషన్ బరువే చాలు. స్పీడు తగ్గించే చక్రం ఉంటే తగ్గించు. బంక చెక్కకి 120తో మొదలు పెట్టేది ఎందుకు, 60తో మొదలు పెట్టు, గింజ పెద్దది అయితే సందు పెద్దది, పొడి నిలవదు. షాపులో ఓపెన్ కోట్ అని అడుగు, దాంట్లో గింజలు పలచగా ఉంటాయి, పేపర్‌లో సగం నుంచి 70 శాతం దాకా పరిచి మిగతాది ఖాళీ వదిలేస్తారు పొడి పోయేదానికి. చెక్కకి అదే తగినది, దట్టంగా పరిచిన పేపర్ ఇనుముకి బాగుంటాది.

హెచ్ఎస్ఆర్_వీకెండ్_వుడ్

ఇంత కష్టం ఎందుకండీ అనిపిస్తుంది నాకు. చేత్తో రుద్దే షీట్ ఇరవై రూపాయల్లోపే కదా, దాన్ని పావుగంట కూర్చుని బ్రష్ చేసే బదులు కొత్తది తీసుకుంటే పని తొందరగా అవుతుంది, చెక్క మీద గీతలు కూడా పడవు. బెల్టులు, డిస్కులు అయితే ఒప్పుకుంటా, వాటికి రబ్బరు దిమ్మ డబ్బులు వెంటనే తిరిగొచ్చేస్తాయి. కానీ షీట్లు కడగడం, ఆరబెట్టడం, ఇస్త్రీ చేసినట్టు చదును చేయడం ఇవన్నీ చూశా వీడియోల్లో, మీరు అమ్మకానికి చేస్తున్నారు కాబట్టి మీ టైంకి కూడా విలువ కట్టుకోండి.

మా దగ్గర కంప్రెసర్ ఉంది, గాలి కొట్టేస్తే డిస్కులు బాగానే శుభ్రం అవుతాయి, అదీ ట్రై చేయొచ్చు మీరు.

పీణ్య_పాత_మెషీన్_షాప్

షీట్ల విషయంలో మీరన్నది సబబే, చిన్న ముక్కకి అంత సేవ చేయక్కర్లేదు. కానీ కంప్రెసర్ గాలి గురించి ఒక మాట. రేకుల షెడ్డు లోపల గాలి కొడితే ఆ సన్నపొడంతా గాల్లో తేలి గంటల తరబడి అక్కడే ఉంటుంది, పీల్చేది మనమే. చెక్క పొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో, మొదటి గ్రూపులో పెట్టింది, ముక్కు లోపలి క్యాన్సర్ ప్రధానంగా. కొట్టాలంటే బయట ఆరుబయట, గాలి వాటం చూసుకుని, ఎన్95 మాస్కుతో కొట్టండి. దానికన్నా వ్యాక్యూమ్ గొట్టం మూతికి బ్రష్ తగిలించి లాగితే పొడి సంచిలోకే పోతుంది.

అసలు డిస్కు పనిచేస్తుండగానే వ్యాక్యూమ్ తగిలించి ఉంటే మూసుకుపోవడమే బాగా తగ్గుతుంది. డిస్కు చిల్లులు ప్యాడ్ చిల్లులకి సరిగ్గా ఎదురుగా కూర్చున్నాయో లేదో చూడమ్మా, చాలామంది ఎలాగోలా అతికించేస్తారు, చిల్లు మూసుకుంటే పొడి పోయే దారేది?

కేఆర్_పురం_షెడ్డు

చాలా చాలా థాంక్సండీ అందరికీ. ఎస్పీ రోడ్‌లో రబ్బరు దిమ్మ దొరికింది, క్లాంపులు బిగించి మా తమ్ముడు చేశాడు. డిస్కులు భలే వచ్చాయి, దిమ్మ ఆనించగానే గోధుమ రంగు పొడి పురుగుల్లా చుట్టుకుని రాలిపోతుంటే నాకు చూడ్డానికే ముచ్చటేసింది, కింద ఎర్రటి గింజలు మళ్లీ కనపడ్డాయి. బెల్టుల్లో లేత చారలున్నవి కూడా బాగయ్యాయి. కానీ ముదురు రంగు, మెరుస్తున్న చారలున్న పాత బెల్టులు అస్సలు కదల్లేదు, రబ్బరు వాటి మీద జారిపోతోంది. వాటికి స్పిరిట్ పెట్టొచ్చా? వేడి నీళ్లు?

ఇంకో డౌట్, శుభ్రం చేసిన పాత 120ని 220 బదులు వాడుకోవచ్చని మాకు సరుకు వేసే ఆయన అంటున్నాడు, అరిగి సన్నబడి ఉంటుందిలే అని. నిజమేనా?

పీణ్య_పాత_మెషీన్_షాప్

ఆ మెరిసే చారలు ఉడికిన బంక. వాటికి ద్రావకం కావాలి, పాలిష్‌కి కలిపే స్పిరిట్టో టర్పెంటైనో. అయితే ముందు దాని వెనక వైపు ఏముందో చూసుకో. బెల్టులకి వెనక బట్ట ఉంటుంది, గింజల్ని పట్టి ఉంచేది రెసిన్ అనే గట్టి జిగురు, అది స్పిరిట్‌కీ వేడి నీళ్లకీ తట్టుకుంటుంది. మామూలు కాగితం షీట్లలో కొన్నిటికి సరేసు లాంటి జంతు జిగురే వాడతారు, నీళ్లు తగిలితే జిగురు మెత్తబడి గింజలన్నీ అరచేతిలోకి వచ్చేస్తాయి. వెనక వాటర్‌ప్రూఫ్ అని అచ్చు వేసి ఉంటే తప్ప కాగితాన్ని తడపకు.

బెల్ట్‌ని బల్ల మీద చదునుగా పరిచి, చార మీద మటుకే స్పిరిట్ బ్రష్‌తో రాసి, కాసేపు నాననిచ్చి, ఇత్తడి బ్రష్షుతో చార పొడుగునా తోము, అడ్డంగా కాదు. కరిగిన బంకని వెంటనే గుడ్డతో అద్దుకుని తీసేయాలి, లేకపోతే పలచబడి పక్కనున్న మంచి గింజల్లోకి పాకి అక్కడ ఆరిపోతుంది. స్పిరిట్ వద్దనుకుంటే వేడి నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు వేసి నానబెట్టి తోమినా చాలావరకు వదులుతుంది, ఆ తర్వాత పైపుకో కర్రకో తగిలించి వేలాడదీస్తే వంకర పోకుండా ఆరుతుంది. ఏ పద్ధతైనా అతుకు చూసుకో, బెల్ట్ రెండు కొసలు కలిపి టేప్ వేసిన చోటు. అక్కడ అంచు లేస్తుంటే ఆ బెల్ట్ ఇక మిషన్ ఎక్కకూడదు, తిరిగేటప్పుడు తెగితే కొరడాలా కొడుతుంది. స్పిరిట్ వాడినది వాసన పూర్తిగా పోయేదాకా బయట ఆరాల్సిందే, మోటార్ సంగతి పైన చెప్పా కదా. తడిసిన గుడ్డలు కూడా ముద్దగా చుట్టి మూల పడేయకండి, విప్పి బయట ఆరేయండి.

మదనపల్లె_వడ్రంగం

120ని 220గా వాడే మాట నమ్మొద్దు అక్కా. 120 గింజ సగటున 125 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటాది, 220 ఏమో 68, అంటే దాదాపు సగం. అరిగిన 120లో గింజలన్నీ ఒకే తీరున అరగవు. వందలో తొంభై మొద్దుబారి ఉంటాయి, ఏదో పది గింజలు ఇంకా నిక్కబొడుచుకొని ఉంటాయి, అవి అక్కడక్కడా లోతుగా గీస్తాయి. రుద్దేటప్పుడు కనపడదు. పాలిష్ పూసినంక ఆ గీతలో రంగు దిగి నల్లగా తేలుతాది, అప్పుడు మళ్లీ మొదటి నుంచి గీకల్ల.

ఇంకో నష్టం కూడా ఉండాది. మొద్దు పేపర్ చెక్కని కోయదు, అదిమి మెరుగు పెడతాది. ఆ మెరుగు పట్టిన చోట స్టెయిన్ (చెక్కకి పట్టించే రంగు) లోపలికి దిగదు, బెంచీ పైన ఒక పక్క ముదురు ఒక పక్క లేత వస్తాది. గిరాకీ ముందు దాన్ని ఏం చేసీ సర్దలేము.

శుభ్రం చేసిన 120ని 120గానే వాడు, అది కూడా కనపడని కాడ, బెంచీ అడుగు, కాళ్ల లోపలి పక్క, అంచుల మొన విరిచేదానికి. పైపలకకి చివరి రెండు సార్లు రుద్దేటప్పుడు మటుకు కొత్త పేపర్ పెట్టు.

జేసీ_రోడ్_పెయింటింగ్

అక్కా, మీ తలుపుల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా, కార్ల పెయింటింగ్ పని నాది. ఆ తలుపుల మీద డ్రై పేపర్, మిషన్ అస్సలు పెట్టొద్దు, పేపర్ మూసుకుపోతుందని మాత్రమే కాదు. పాత ఎనామిల్‌లో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదనే రూల్ 2017 నవంబర్ 1 నుంచే అమల్లోకి వచ్చింది, మీ అమ్మమ్మ గారి తలుపులు దానికి ఎన్నో ఏళ్ల ముందువి కదా. ఆ పొడి షెడ్డులో పరుచుకుంటే పిల్లలకి చాలా ప్రమాదం, మెదడు మీద పనిచేస్తుంది. మీరు పిల్లల టేబుళ్లు చేసే చోటే ఆ పని పెట్టుకోవద్దు, దయచేసి.

ముందు పెయింట్ రిమూవర్ పూసి, పొంగాక స్క్రేపర్‌తో పొరలు పొరలుగా తీయండి, కింద పాలిథిన్ షీట్ పరిచి ఆ పెచ్చులన్నీ దాంట్లోనే మూటగట్టండి. ఆరుబయట చేయండి, రిమూవర్ ఆవిరి కూడా మంచిది కాదు, చేతికి గ్లవుజులు వేసుకోండి. హీట్ గన్ ఎక్కువ వేడి మీద పెట్టొద్దు, సీసం పొగ వస్తుంది.

మిగిలిన పెయింట్‌కి వాటర్ పేపర్. నల్లగా ఉండేది, సిలికాన్ కార్బైడ్ గింజ, నీటికి తట్టుకునే జిగురు. త్రీఎం కంపెనీ 1921లో ఈ రకం తెచ్చినప్పటి నుంచి మా కార్ల పనికి ఇదే ఆధారం, తడిపి రుద్దితే దుమ్ము లేవదు. దీన్ని శుభ్రం చేయడం కూడా చాలా ఈజీ, మగ్గు నీళ్లలో రెండు చుక్కల సబ్బు వేసి, నాలుగు సార్లు రుద్దగానే ముంచి బొటనవేలితో తుడిచేస్తే కొత్తదానిలా అవుతుంది. మాటిమాటికీ ముంచాలి, బురద ఆరనిచ్చారంటే ఇక వదలదు. అదే షీట్ ఒక పొద్దంతా వస్తుంది. పని అయ్యాక కడిగి గాజు పలక మీద పరిచి ఆరబెట్టుకోండి, చుట్టుకుపోదు. ఆ సీసం బురద నీళ్లు మొక్కలకి పోయకండి, పాత గుడ్డలకి పీల్పించి పెచ్చుల మూటలోనే వేయండి. ఆ తలుపుల మీద వాడిన పేపర్లు శుభ్రం చేసి దాచుకోవడం కూడా వద్దు, అవి పారేయాల్సినవే.

కేఆర్_పురం_షెడ్డు

అన్నా, సీసం సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, తలుపులు షెడ్డులోంచి తీసి టార్పాలిన్ కప్పి మేడ మీద పెట్టించాం ఇప్పుడే. రిమూవర్ తెచ్చాకే మొదలుపెడతాం.

స్పిరిట్ పద్ధతి ఒక బెల్ట్ మీద చేశాం, పెద్దాయన చెప్పినట్టు చార పొడుగునా తోమితే తేనె రంగు చిక్కటి నీళ్లు వచ్చాయి, గుడ్డతో అద్దుకున్నాం, ఆరాక గరుకు తిరిగొచ్చింది. రెండు బెల్టులకి అతుకు దగ్గర టేప్ లేచి ఉంది, అవి పక్కన పెట్టేశాం. ఆ లేచిన బెల్టుల్ని ముక్కలుగా కోసి చెక్క దిమ్మకి అతికించి చేత్తో వాడుకోవచ్చా? మా తమ్ముడు గేటు తుప్పు కూడా వాటితోనే గీకుతానంటున్నాడు.

మదనపల్లె_వడ్రంగం

బాగా వాడుకోవచ్చు అక్కా, బట్ట బెల్ట్ ముక్క చేతికి చాలా బాగుంటాది, కాళ్ల గుండ్రాలకి షూ పాలిష్ గుడ్డ మాదిరి రెండు చేతులా పట్టుకుని లాగొచ్చు. కానీ గేటు తుప్పుకి వాడిన ముక్క మళ్లీ చెక్క మీదికి రానీయొద్దు, ముఖ్యంగా మీ టేకు తలుపుల మీదికి. ఇనుప రజను చెక్క సందుల్లో ఇరుక్కుంటాది, టేకులో ఉండే టానిన్ అనే వగరు పదార్థానికి దానికి తడి తగిలితే నల్లటి మచ్చలు లేస్తాయి, నీళ్లు కలిపే పాలిష్ పూసినరోజే బయట పడతాయి అవి. ఇనుముకి వాడేవాటి వీపు మీద ఎర్ర మార్కర్‌తో గీత గీసి వేరే డబ్బాలో పెట్టమను తమ్ముణ్ణి.